జిల్లాబోర్డు బాటలు - వలస వడ్డెలు

దక్షిణ హిందూదేశపు బాటల చరిత్రను వ్రాసినవారు సాధారణముగా రెండు విషయములను పేర్కొందురు. ఏ దొర కాలమున ఏ బాట పడినది అనునది మొదటిది. దానికి వ్యయమైన ద్రవ్యమెంత అనునది రెండవది. ఆ బాట వేయించిన బోర్డునకు స్వంత ఇంజనీరు ఉండెనా, లేక ఎరువు తెచ్చుకొనెనా? కంకర కొట్టినవారెవరు, ఎక్కడనుండి వచ్చిరి, వారి పనిని ఎవరు కొలిచిరి? ఈ ప్రశ్నలకు నివేదికలలో ఉత్తరము దొరకుట అరుదు. కాని తమిళ, కన్నడ, మహారాష్ట్ర దేశములయందు స్థిరపడిన తెలుగువారి చరిత్రకు ఈ ప్రశ్నలే కీలకములు. ఏలయన, పని ఉన్న చోటికి పిలుపందుకొని పోయి, పని ముగిసినను తిరిగి రాక, అచ్చటనే గుడిసెలు వేసికొని నిలిచిపోయిన తెలుగువారిలో వడ్డెలు ముఖ్యులు. నాయక రాజుల సేనలతో పోయినవారిని గూర్చి, మగ్గములతో పోయినవారిని గూర్చి మనవారు చాల వ్రాసిరి. పలుగు పారలతో పోయినవారిని గూర్చి వ్రాసినది స్వల్పము.

ఆంధ్రదేశమున వడ్డె, ఒడ్డె, వడ్డెర అనియు, తమిళనాట ఒడ్డర్, బోయర్ అనియు, కన్నడదేశమున వడ్డ, భోవి అనియు, మహారాష్ట్రమున వడార్ అనియు వీరికి పేర్లు. ఒడ్డె యనగా ఓఢ్రదేశీయుడని చెప్పి వీరు ఒరిస్సానుండి వచ్చిరని చాలమంది వ్రాసిరి. 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి దక్షిణ హిందూదేశ కులముల గ్రంథమునందును ఈ మాటయే కలదు. చెరువు ఒడ్డులు వేయువారు గనుక ఒడ్డెలైరని మరికొందరందురు. పేరునుబట్టి పుట్టుకను నిర్ణయించుట ప్రమాదకరమని నా అభిప్రాయము. పేరు ఎట్టిదైనను ఇంటి భాష మాత్రము తెలుగు. ఈ విషయమున వివాదము లేదు. 1906లో ప్రకటితమైన భారత భాషా పర్యవేక్షణము నాల్గవ సంపుటమున స్టెన్ కొనో పండితుడు బొంబాయి రాజధానిలోని వడరీ భాషను తెలుగు మాండలికములలో చేర్చెను. దాని ప్రక్కనే కామాఠీ యను మరియొక మాండలికము కలదు. బొంబాయి నగర నిర్మాణమున కూలిచేసిన ఆ కామాఠీల పేరనే కామాఠిపుర మేర్పడినది. అనగా పశ్చిమతీరపు మహానగరమున కట్టడముల పనికిని తెలుగునకును గల సంబంధము ఒక పేటపేరై నిలిచినదన్నమాట.

వడ్డెలలో మన్ను వడ్డెలు, రాతి వడ్డెలు అను విభాగము ప్రసిద్ధము. మహారాష్ట్రమున దీనికే మాతి వడార్లు, గాడీ వడార్లు, పాథరవట్లు అని పేర్లు. మొదటివారు మట్టిపని చేయువారు, రెండవవారు బండ్లమీద రాయి తోలువారు, మూడవవారు రాయి చెక్కువారు. ఇది కేవలము కుల విభాగము కాదు, పని విభాగము కూడ. ఒక బాటకు కట్ట పోయవలెను, కంకర చేర్చవలెను, మోరీలకు రాయి చెక్కవలెను. ఈ మూడు పనులకును వేర్వేరు గుంపులు ఒకే జనమునందు సిద్ధముగా నుండెను. షోలాపురమున పండ్రెండవ శతాబ్దిలో చెరువు త్రవ్వించిన సిద్ధరామేశ్వరుని కన్నడదేశపు భోవులు తమ గురువుగా పూజించుట ఈ సందర్భమున గమనింపదగినది. మట్టి త్రవ్వించిన మహనీయుని మట్టి త్రవ్వువారు ఆరాధించుటలో వింత యేమున్నది?

ఇక ధనమును గూర్చి. 1852లో వెలువడిన మద్రాసు పబ్లిక్ వర్క్సు కమిషనర్ల నివేదిక, రాజధానిలో బండ్లు నడచుటకు యోగ్యమైన బాటలు మిక్కిలి తక్కువయని నిర్మొగమాటముగా చెప్పెను. 1866 సంవత్సరపు మూడవ చట్టము వలన భూమి శిస్తుపై రూపాయికి అర్ధణా చొప్పున బాటల పన్ను ఏర్పడెను. 1871లో లోకల్ ఫండ్సు చట్టము వచ్చి, ఆ పన్నును పెంచుటకు అవకాశమిచ్చి, వ్యయము చేయుటకు బోర్డులను కల్పించెను. బొంబాయిలో 1869 నాటి మూడవ చట్టముక్రింద రూపాయికి అణా వసూలుచేసి, అందు రెండుపాళ్ళు బాటలకును ఒకపాలు బడులకును కేటాయించిరి. రిప్పన్ ప్రభువు 1882 తీర్మానము పిమ్మట 1884లో మద్రాసునందు జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, గ్రామ యూనియనులు ఏర్పడెను. గంజాము జిల్లా 1936 ఏప్రిలు 1వ తేదీవరకు మద్రాసు రాజధానిలోనిదే గనుక బరంపురపు బాటలకును ఈ చట్టములే వర్తించెను.

ఇట్లు బోర్డులకు ధనము వచ్చెను. అధికారము కొంత వచ్చెను. రానిది ఇంజనీరు. పూర్వము కలెక్టరు కచేరీలోని మరామతు శాఖవారు చూచుకొనిన పని పందొమ్మిదవ శతాబ్ది నడుమ పబ్లిక్ వర్క్సు శాఖకు పోయెను. ఆ శాఖవారి మనసు కాలువలమీద, ఆనకట్టలమీద, సైనికుల బసలమీద ఉండెనే కాని పల్లెబాటలమీద ఉండుట తక్కువ. బోర్డువారు తమ ధనమును ఆ శాఖకు జమకట్టి పని చేయింపుమని కోరవలెను. దీనికి డిపాజిటు పని యని పేరు. చేసినందుకు పనివిలువపై నూటికింతయని పర్యవేక్షణ రుసుము చెల్లింపవలెను. దీనికి సెంటేజి యని పేరు. ఇంజనీరు రాకకు వేచియుండుట బోర్డు వంతు, ఎప్పుడు వచ్చుట ఆయన యిష్టము. వేసవిలో కంకర సేకరింపవలసిన బాటకు అంచనా వర్షాకాలమున చేరినచో ఆ యేటి ధనము అట్లే మిగిలిపోవును. 1880 ప్రాంతమునుండి మద్రాసు బోర్డులు తమకు ప్రత్యేకముగా లోకల్ ఫండు ఇంజనీర్లను నియమించుకొనుటకు ఇదియే కారణమని తోచుచున్నది. బొంబాయి రాజధానిలో మాత్రము పెద్దపనులు బహుకాలము ప్రభుత్వ ఇంజనీర్ల చేతిమీదుగానే జరిగెను.

చదువుకొన్న ఇంజనీర్లు నాడు దొరకుటయే కష్టము. రూర్కీలో 1847లోను, పూనాలో 1854లోను బోధన ప్రారంభమాయెను. 1794లో సర్వే బడిగా పుట్టిన మద్రాసు పాఠశాల 1859లో సివిల్ ఇంజనీరింగు కళాశాలగా మారెను. ఉన్నత పదవులకు ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాల విద్యార్థులను తెచ్చుచుండిరి. ఆ కళాశాల 1906లో మూతపడెను. ఇంతమందిలో జిల్లాబోర్డు కొలువునకు వచ్చువారెందరు? అందుచేత ఒక జిల్లాకంతకు ఒక్క ఇంజనీరు, ఆయనక్రింద కొందరు సూపర్వైజర్లు, ఓవర్సీయర్లు, వారిక్రింద మేస్త్రీలు - ఇది సాధారణపు ఏర్పాటు. మేస్త్రీ యను మాట పోర్చుగీసువారి భాషనుండి వచ్చినది. కాని మన కట్టడపు పనిలో అంతకంటె తెలుగైన మాట నేడు లేదు.

ఎరువు ఇంజనీరు పద్ధతి మంచి ఫలమిచ్చిన సందర్భములును కలవు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండమునుండి మైసూరు సీమకు తరలిన ములకనాటి తెలుగువారు. ఆయన పూనాలో చదివి 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. సింధులోని సుక్కూరు పురపాలక సంఘమునకు మంచినీటి వసతి కల్పింపవలసి వచ్చినపుడు ప్రభుత్వము ఆయనను పంపెను. 1895లో ఆ పని ముగిసెను. 1908 మూసీ వరదల పిమ్మట నిజాము ప్రభుత్వము 1909లో ఆయనను సలహాదారు ఇంజనీరుగా పిలిపించుకొనెను. వార్ధక్యమున, 1937 ప్రాంతమున, ఒరిస్సా వరదలను గూర్చియు నివేదిక వ్రాసిరి. ఇవి నీటిపనులు, బాటలు కావు. అయినను పిలిచినచోటికి పోయి, సమస్యను పరీక్షించి, అంచనా వ్రాసి, మరలివచ్చు ఇంజనీరునకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము లేదు. చిక్కేమనగా, ఇట్టివారు మహానగరముల ఆపదలకు దొరకుదురు. తాలూకా కేంద్రమునుండి సంతకు పోవు ఏడుమైళ్ళ బాటకు దొరకరు.

అట్టి బాటకు దొరకినవాడు వడ్డె.

ఈ మాటను అతిశయోక్తిగా అనుటలేదు. ఇంజనీరు నిర్ణయించునది బాట వాలు, వెడల్పు, మోరీల సంఖ్య. ఏ గుట్టలోని రాయి బండిచక్రమునకు ఆగును, ఏది రెండేండ్లలో పిండియగును అనునది గుట్టనెక్కి సమ్మెట వేసినవానికి తెలియును. 1895లో నేచర్ అను ఆంగ్ల శాస్త్రపత్రికలో వార్త్ అను పరిశీలకుడు బెంగుళూరు ప్రాంతపు రాతిపనివారు నిప్పుతో రాతిపొర లేపు విధానమును వర్ణించెను. బండపై కట్టెలమంట వరుసగా పేర్చి, దానిని మెల్లగా ముందునకు జరుపుచు, మంట ముందరి రాతిని సుత్తితో తట్టి, ఆ మ్రోతనుబట్టి పొర ఎంతదూరము విడివడినదో గ్రహింతురు. విడివడినచోట మంట ఆపక ముందునకు జరుపుదురు. వేడిమి ఎక్కువైన పొర పగులును, తక్కువైన లేవదు. ఏ కళాశాలలోను చెప్పని ఈ విద్య తండ్రి కొడుకునకు నేర్పినది. ఇట్లు లేచిన పలకలే మోరీలపై మూతలు, కాలువలపై వంతెనలు అయినవి.

నిపుణుడొకడు, పనివారనేకులు అను ఏర్పాటు మనకు కొత్తది కాదు. కడపజిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనమున, 1369లో, చెరువునకు వలయు సాధనములలో జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణునితోపాటు నేర్పరులైన పనివారును పేర్కొనబడిరి. రెండేండ్లపాటు నిత్యము వేయిమంది కూలీలును, రాయి తోలుటకు నూరు బండ్లును పనిచేసినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. శాసనకర్త కూలీలను, బండ్లను లెక్కించి శిలపై చెక్కించెను. జిల్లాబోర్డు నివేదికలు మైళ్ళను, రూపాయలను మాత్రమే లెక్కించెను. ఈ భేదము నాకు చిన్నదిగా కనబడదు.

పని జరుగు విధమును కొంత వివరింతును. వర్షములు ముగిసిన పిమ్మట మైలుకింతయని కంకర సరఫరాకు టెండర్లు పిలుతురు. గుత్తదారు వడ్డె గుంపుపెద్దకు బయానా ఇచ్చును. గుంపు బండ్లు, గాడిదలు, పిల్లలు, కోళ్ళతో సహా బయలుదేరి గుట్టదగ్గర గుడిసెలు వేసికొనును. మగవారు బండను పగులగొట్టుదురు. ఆడువారు కూర్చుండి చిన్నసుత్తెలతో కంకర కొట్టుదురు. కంకర పరిమాణము సరిగా నున్నదో లేదో ఇనుప వలయమున దూర్చి చూతురు. బాటప్రక్క అడుగులేని కొయ్యపెట్టెలలో నింపి, పెట్టెను పైకి లేపినచో కొలిచిన కుప్ప నిలుచును. నూరు ఘనపుటడుగులు ఒక యూనిట్టు. మహారాష్ట్రమున దీనినే బ్రాసు అందురు. తొలకరి పడినపుడు కంకర పరచి, రాతిరోలరుతో త్రొక్కించి, నీరు చల్లి, పైన మొరము పోసి మరల త్రొక్కింతురు. నీరు వానయిచ్చును గనుక ఈ ఋతువునే ఎంచుకొనుట. వేసవిలో కుప్ప సిద్ధముగా లేనిచో ఏడాది బాట పోయినట్లే. గుంపు సమయమునకు రాని యెడల బోర్డు సభ్యుల తీర్మానములన్నియు కాగితములపైననే నిలుచును.

మట్టిపనిలో కొలత మరింత సూక్ష్మము. పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు, అడుగులోతు గుంట త్రవ్వినచో ఒక యూనిట్టు. గుంట నడుమ కొంత నేలను త్రవ్వక సాక్షిదిమ్మెగా నిలుపుదురు. దాని యెత్తునుబట్టి లోతు తెలియును. వడ్డెలు దోషములేనివారని చెప్పుట నా ఉద్దేశము కాదు. దిమ్మెపై గుప్పెడు మన్ను నేర్పుగా అతికి లోతును పెంచి చూపుట వారెరిగిన విద్యయే. దిమ్మెమీది గడ్డి చెక్కుచెదరక యుండవలెనని ఓవర్సీయర్లు పట్టుపట్టుట ఇందులకే. కాని అవతలి వైపు చూడుడు. కుప్ప కూరుకొనునని కొంత, కంకరలో మన్ను కలసెనని కొంత, గుంట అంచులు వాలియున్నవని కొంత తగ్గించుచు పోయినచో గడ్డి అతికిన పిడికెడు మన్ను ఎంత? కొలతపుస్తకములో వ్రాసినదే సత్యము, ఆ పుస్తకమును వ్రాయువాడు ఓవర్సీయరు, చదువలేనివాడు వడ్డె. కొలతకు సంతకము చేయువాడు గుత్తదారు. కె-2 ఒప్పందముపై పేరు గుత్తదారుదే గాని గుంపుపెద్దది కాదు.

ఇంజనీర్లు తగినంతమంది లేకపోవుటకును గుత్తదారు బలపడుటకును దగ్గర సంబంధము కలదని నేను భావింతును. పనిని ప్రతిదినము చూచుటకు మనిషి లేనపుడు పని ముగిసిన పిమ్మట కొలుచుట ఒక్కటే మార్గము. కొలిచి ధన మిచ్చుటకు నెలలు పట్టినచో అంతవరకు తిండిగింజలు పెట్టువాడొకడు కావలెను. వాడే గుత్తదారు. బయానా తీరదు, తీరనంతవరకు గుంపు ఆయనదే. అందుచేత ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు, ఒక భాషనుండి మరియొక భాషకు గుంపు కదలుటలో దాని యిష్టముకంటె దాని అప్పు ఎక్కువగా పనిచేసియుండును. సేలము, కోయంబత్తూరు, చిత్రదుర్గము, షోలాపురములయందు వడ్డె గుడిసెలు నిలిచిపోవుటకు కారణమును వెదకువారు ఈ లెక్కను మరువరాదు.

అన్నిటికంటె విషాదకరమైన విషయమొకటి కలదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము ఉత్తరదేశమునకు చేసినది. 1911 చట్టముతో అది మద్రాసునకును వ్యాపించెను. స్థిరనివాసము లేక తిరుగువారిని అనుమానించుట ఆ చట్టపు స్వభావము. పట్టికకెక్కినవాడు పోలీసువారికి తెలియక ఊరు కదలరాదు, పిలిచినపుడు హాజరు పలుకవలెను. తమిళనాట కొన్ని జిల్లాల వడ్డెలు - అందు కల్ ఒడ్డర్లు, సూరమారి ఒడ్డర్లు - ఈ పట్టికలకెక్కిరి. కల్ ఒడ్డరనగా రాతి వడ్డె, బాటకు కంకర కొట్టువాడే. ప్రభుత్వము ఒక చేతితో బాటపనికి రమ్మని పిలిచెను, మరొక చేతితో ఊరు కదలకుమని ఆపెను. తిరుగుటయే వృత్తి అయినవానికి తిరుగుట నేరమాయెను. ఆ చట్టము మద్రాసున 1947లోను, దేశమంతట 1952లోను రద్దాయెను. విముక్త జాతులు అను మాట అప్పటినుండి వాడుకలోనికి వచ్చినది.

ఈలోపల బాట స్వభావమే మారెను. మోటారుబండ్ల తాకిడికి నీటితో త్రొక్కించిన కంకరబాట ఆగలేదు. 1927లో జయకరు గారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము ఈ సంగతిని విచారించెను; పెట్రోలుపై సుంకము, 1929లో కేంద్ర రోడ్డునిధి, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు దాని ఫలితములు. 1943 నాగపూరు సమావేశములో బాటలను తరగతులుగా విభజించిరి. మద్రాసులో 1946లో హైవేస్ శాఖ వేరుగా ఏర్పడెను. జిల్లాబోర్డులు తరువాత ఎక్కువకాలము నిలువలేదు. తమిళనాట వానిస్థానమున పంచాయతు యూనియనులు, ఆంధ్రప్రదేశమున 1959లో పంచాయతి సమితులు, జిల్లాపరిషత్తులు వచ్చెను. తారు వచ్చెను, యంత్రపు రోలరు వచ్చెను, రాయి నుగ్గుచేయు యంత్రము వచ్చెను. చిన్నసుత్తెతో కంకర కొట్టు స్త్రీకి పని పోయెను.

1992లో జరిగిన రాజ్యాంగ సవరణ బాటలను, మోరీలను, వంతెనలను పంచాయతుల విషయములలో చేర్చెను. అధికారము మరల క్రిందికి వచ్చెను, ఇంజనీరు కొరతయు మరల కనబడెను. 2000 డిసెంబరులో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో దీనికి కనుగొన్న ఉపాయము చరిత్రకారునకు పరిచితమే. ప్రణాళికలను పరిశీలించుటకు ఇంజనీరింగు కళాశాలలను సాంకేతిక సంస్థలుగా నియమించిరి. పని నాణ్యమును చూచుటకు ఉద్యోగవిరమణ చేసిన ఇంజనీర్ల పట్టికను తయారుచేసి, అవసరమైనచోటికి వారిని పంపు ఏర్పాటు చేసిరి. సుక్కూరునకు ఇంజనీరును పంపిన నాటి ఆలోచనయే ఇది. కాని ఇప్పుడు పల్లెబాటకును దొరకినది. ఈ మార్పు మెచ్చదగినది. గుట్టను, రాతిని, నేలను ఎరిగినవారికి అట్టి పట్టిక యేదియు ఏర్పడలేదు.

పట్టికలు వేరైనవి కలవు. కన్నడదేశమున భోవి షెడ్యూల్డు కులమువాడు. మహారాష్ట్రమున వడార్ విముక్త జాతివాడు. తమిళనాట ఒకజిల్లా ఒడ్డరు విముక్తుడు, మరియొకజిల్లావాడు వెనుకబడినవాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వడ్డెర వెనుకబడిన తరగతుల మొదటి విభాగమున నున్నాడు. ఒకే గుంపునుండి విడిపోయిన అన్నదమ్ముల మనుమలు, బాట తమను దింపిన చోటునుబట్టి, నాలుగు విధముల పౌరులైరి. వారి పిల్లలు షోలాపురమున మరాఠీ బడికి, చిత్రదుర్గమున కన్నడ బడికి, సేలమున తమిళ బడికి పోవుదురు. ఇంట మాటలాడు తెలుగును వ్రాయుటకు వారికి ఏ బడియు నేర్పలేదు. స్టెన్ కొనో గుర్తించిన వడరీ మాటలను, రాతిపనికిని మట్టిపనికిని సంబంధించిన పలుకులను, పనిముట్ల పేర్లను, కొలతల పేర్లను ఊరూర తిరిగి సేకరింపవలసిన పని మిగిలియున్నది. నిప్పుతో రాతిపొర లేపుట చేతులార చేసిన వృద్ధులు ఉన్న ఊళ్ళలో ఆ పని ముందుగా ఆరంభింపవలెను.